అత్యవసర వైద్య టార్చిలైటు

అత్యవసర వైద్య టార్చిలైటు అనగా ప్రమాదస్థలములోను, అంబులెన్సులోను, రోగి ఇంటివద్దను ప్రథమ చికిత్స చేసే సిబ్బంది నిత్యము జేబులో ఉంచుకొనే చిన్న విద్యుద్దీపము. మామూలు టార్చిలైటు దారి చూపితే చాలు. వైద్య సిబ్బంది చేతిలోని టార్చి దారి చూపడముతో పాటు ఒక పరీక్షా సాధనముగా కూడా పనిచేస్తుంది. కంటిపాప ముడుచుకొనే తీరు, పెదవుల రంగు, పాముకాటు గుర్తులు, కారుతున్న రక్తము - వీటిని రాత్రివేళ ఈ వెలుగులోనే చూసి నిర్ణయము తీసుకోవలసి వస్తుంది. వెలుగు చాలకపోయినా, మరీ ఎక్కువైనా, రంగులను తప్పుగా చూపినా ఆ నిర్ణయము తప్పే ప్రమాదమున్నది. కాబట్టి ఇటువంటి టార్చిని ఎంచుకొనేటప్పుడు వెలుగు ఎంత అనే దానికంటె అది ఎటువంటి వెలుగు, ఎంతసేపు నిలుస్తుంది, ఒక చేతితో వాడుకోవచ్చునా అనే విషయములు ముఖ్యమైనవి.

పేర్లు

టార్చి అనునది బ్రిటిషు ఇంగ్లీషులోని మాట. అమెరికాలో దీనిని ఫ్లాష్‌లైటు అంటారు. తొలినాటి బ్యాటరీలు బలహీనమైనవి కావడము వలన దీపమును ఎడతెగకుండా వెలిగించుట సాధ్యమయ్యేది కాదు. కొద్దిసేపు వెలిగించి ఆర్పేవారు గనుక, క్షణకాలపు మెరుపు అనే అర్థములో ఆ పేరు వచ్చినది. తెలుగు గ్రామములలో దీనిని బ్యాటరీ లైటు అనీ, ఒక్కొక్కచోట ఒట్టి బ్యాటరీ అనీ అంటారు. వైద్యులు చొక్కా జేబుకు తగిలించుకొనే సన్నని రకమును పెన్ టార్చి అంటారు.

చరిత్ర

డేవిడ్ మిసెల్ అనే ఆవిష్కర్తకు 1899లో గొట్టము ఆకారపు చేతిదీపముపై అమెరికాలో పేటెంటు లభించినది. కాన్రాడ్ హ్యూబర్ట్ స్థాపించిన సంస్థ దానిని తయారుచేసి అమ్మినది. ఎవరెడీ అనే పేరు ఆ సంస్థ ద్వారానే ప్రసిద్ధి పొందినది. తరువాత కార్బను తీగ స్థానములో టంగ్‌స్టను తీగ రావడముతో టార్చి నిత్యావసర వస్తువు అయినది. భారతదేశములో ఎవరెడీ, జీప్ వంటి పేర్లతో ఇత్తడి, రేకు టార్చిలు చాలాకాలము వాడుకలో ఉండేవి.

కాంతి ఉద్గార డయోడు (ఎల్ఈడీ) రాకతో టార్చి స్వరూపము మారిపోయినది. కంటికి కనిపించే ఎరుపు కాంతినిచ్చే డయోడును నిక్ హోలోన్యాక్ 1962లో తయారుచేసినాడు. ప్రకాశవంతమైన నీలి డయోడు 1990వ దశకములో సాధ్యమైనది. దీనికి కారకులైన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురా అనే జపానులో జన్మించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది. నీలి డయోడుపై పసుపుపచ్చ కాంతినిచ్చే భాస్వర పదార్థమును పూస్తే, ఆ రెండు కాంతులు కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. నేటి టార్చిలలో దాదాపు అన్నీ ఈ పద్ధతిలోనే పనిచేస్తున్నాయి. ఈ తెలుపులో ఎరుపు పాలు తక్కువగా ఉండవచ్చుననే విషయము వైద్యమునకు సంబంధించినంతవరకు ముఖ్యమైనది. దీనిని కాంతి రంగు అనే విభాగములో చూడవచ్చు.

పని పరిస్థితులు: కొడవలూరు ఉదాహరణ

టార్చి ఎంపిక అది వాడే చోటును బట్టి ఉంటుంది. ఇందుకు ఆంధ్రప్రదేశ్ తీరప్రాంతములోని కొడవలూరును ఉదాహరణగా తీసుకోవచ్చు. కొడవలూరు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలోని మండల కేంద్రము. ఇది పెన్నా నదికి ఉత్తరాన ఉన్నది. జిల్లా కేంద్రమైన నెల్లూరు నగరము, అందులోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి నదికి దక్షిణాన ఉన్నాయి. చెన్నై - కోల్‌కత జాతీయ రహదారి (16వ నంబరు, పూర్వము 5వ నంబరు), గూడూరు - విజయవాడ రైలుమార్గము ఈ మండలము గుండా పోతాయి. వరి ఇక్కడి ప్రధానమైన పంట. తూర్పున విడవలూరు మండలము దాటితే బంగాళాఖాతము.

ఇటువంటి ప్రాంతములో రాత్రివేళ వచ్చే అత్యవసర పరిస్థితులు ప్రధానముగా నాలుగు రకములు.

* రహదారి ప్రమాదములు: తలకు దెబ్బలు, లోపలి రక్తస్రావము.
* పాముకాట్లు: వరిచేలలోను, గట్లమీదను, నేలపై నిద్రించే ఇళ్లలోను.
* పురుగుమందుల వలన విషప్రభావము: పొలములో మందు పిచికారీ చేసేటప్పుడు గాని, మందు తాగినప్పుడు గాని.
* తుఫానులు, వరదలు: కరెంటు లేని రాత్రులు, నీట మునిగిన దారులు.

2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరదలో పడుగుపాడు వద్ద రైలుమార్గము దెబ్బతిన్నది, జాతీయ రహదారిపై కూడా రాకపోకలు ఆగిపోయినవి. నదికి ఉత్తరాన ఉన్న గ్రామములకు నెల్లూరు ఆసుపత్రి అటువంటి సమయములో అవతలి ఒడ్డున ఉన్నట్లే. అప్పుడు రోగి వద్ద ఉన్న సిబ్బంది, వారి సంచిలోని సామగ్రి మాత్రమే అక్కరకు వస్తాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 108 అత్యవసర సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైనది. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020 జూలై 1న విజయవాడలో 108, 104 సేవలకు 1,088 వాహనములను ప్రారంభించినది. 108 వాహనములో అత్యవసర వైద్య సాంకేతిక నిపుణుడు (ఈఎంటీ) ఒకరు, పైలట్ అని పిలిచే వాహన చోదకుడు ఒకరు ఉంటారు. వాహనము లోపల దీపములు ఉన్నా, అది చేరలేని పొలముగట్టుపైన, ఇరుకు వీధిలో, బోల్తాపడిన లారీ క్రింద చేతి టార్చియే ఆధారము.

వైద్య పరీక్షలో టార్చి

కంటిపాప పరీక్ష

కంటిలోకి వెలుగు పడగానే కంటిపాప (తారారంధ్రము) చిన్నదవుతుంది. వెలుగు సమాచారమును మెదడుకు రెండవ కపాల నాడి చేరవేస్తుంది, కంటిపాపను ముడిచే ఆజ్ఞను మూడవ కపాల నాడి తెస్తుంది. ఒక కంటిపై వెలుగు పడినా రెండు కంటిపాపలూ ముడుచుకొనుట సహజము. తలకు దెబ్బ తగిలినప్పుడు పుర్రె లోపల ఒత్తిడి పెరిగి మూడవ నాడి నొక్కుకుపోతే ఆ వైపు కంటిపాప పెద్దదై, వెలుగుకు స్పందించదు. రహదారి ప్రమాదములో స్పృహ తప్పిన వ్యక్తికి ఇది ప్రాణాపాయ సూచన.

గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ 1974లో ప్రతిపాదించిన గ్లాస్గో కోమా కొలమానమునకు 2018లో కంటిపాపల స్పందనను కూడా జోడించినారు. స్పందించని కంటిపాప ఒకటైతే ఒక అంకెను, రెండూ స్పందించకపోతే రెండు అంకెలను మొత్తము నుండి తీసివేస్తారు. అనగా టార్చితో చూసిన విషయము నేరుగా రోగి తీవ్రతను తెలిపే అంకెలోకి చేరుతున్నది.

పరీక్షను వీలైనంత మసక వెలుగులో చేయవలెను. వెలుగును ఎదురుగా కాక ప్రక్కనుండి కంటిపైకి తేవలెను. రెండు మూడు క్షణములు ఉంచి, తీసివేసి, రెండవ కంటికి చూపవలెను. కంటిపాపల పరిమాణమును మిల్లీమీటర్లలో వ్రాసుకొనవలెను. పెన్ టార్చిల ప్రక్కన నల్లని చుక్కలతో కొలత ముద్రించి ఉండుట ఇందుకొరకే. ఆరోగ్యవంతులలో కూడా కొందరికి రెండు కంటిపాపల మధ్య 1 మి.మీ. లోపు తేడా ఉండవచ్చు.

ఈ పరీక్షకు కొద్దిపాటి వెలుగు చాలు. వెయ్యి ల్యూమెన్ల టార్చిని దగ్గరగా కంటిలోకి వేస్తే స్పృహలో ఉన్న రోగి కళ్లు గట్టిగా మూసుకొంటాడు, కొంతసేపు చూపు చెదురుతుంది. దీనికి వ్యతిరేకముగా సెల్లులు అయిపోవచ్చి మసకబారిన టార్చితో చూస్తే, బాగున్న కంటిపాప కూడా స్పందించనట్లు కనిపించవచ్చు. ఒకే రోగిని మళ్లీ మళ్లీ పరీక్షించేటప్పుడు ఒకే టార్చిని, ఒకే స్థాయి వెలుగును వాడుట మంచిది. లేనిచో మార్పు రోగిలో వచ్చినదో, టార్చిలో వచ్చినదో తెలియదు.

పురుగుమందులు, పాము విషము

ఆర్గానోఫాస్ఫేటు వర్గపు పురుగుమందుల ప్రభావములో కంటిపాపలు సూదిమొనంత చిన్నవవుతాయి. దీనితో పాటు చెమటలు, నోటివెంట చొంగ, ఆయాసము కనిపిస్తాయి. అంత చిన్న కంటిపాప ఇంకా ముడుచుకొంటున్నదో లేదో చూడడానికి సమానముగా పరచుకొనే వెలుగు అవసరము.

పాముకాటు విషయములో టార్చి పని మరింత సున్నితమైనది. 2000 నుండి 2019 వరకు భారతదేశములో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించినట్లు 2020లో వెలువడిన అధ్యయనము అంచనా వేసినది. అనగా సంవత్సరమునకు సగటున 58,000 మంది. ఈ మరణములు ఎక్కువగా నమోదైన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటిని ప్రధాన విషసర్పములుగా చెబుతారు. కట్లపాము తరచుగా రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కాటువేస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. గాట్లు కంటికి కనిపించనంత చిన్నవి కావచ్చు. వెలుగును చర్మమునకు ఏటవాలుగా ప్రసరింపజేస్తే చిన్న గాట్లు కొంత తేలికగా కనిపిస్తాయి. అయినా గాట్లు కనిపించలేదని పాము కరవలేదనుకొనరాదు.

కట్లపాము, నాగుపాము విషము నరములపై పనిచేసి కండరములను చచ్చుపడేటట్లు చేస్తుంది. మొదట కనురెప్పలు వాలిపోతాయి. తీవ్రమైన స్థితిలో రోగి కదలలేడు, మాట్లాడలేడు, ఊపిరి తీసుకోలేడు. కంటిపాపలు పెద్దవై టార్చి వెలుగుకు ఏమాత్రము స్పందించకపోవచ్చు. తలకు దెబ్బ తగిలిన రోగిలో ఇదే గుర్తు మెదడుకు తీవ్రమైన హానిని సూచిస్తుంది. పాముకాటు రోగిలో మాత్రము ఇది కండరముల పక్షవాతము మాత్రమే కావచ్చు, మెదడు చక్కగా ఉండవచ్చు. ఇటువంటివారికి కృత్రిమ శ్వాస ఆపకుండా అందిస్తూ, విషమునకు విరుగుడు మందు ఇచ్చే ఆసుపత్రికి చేరిస్తే పూర్తిగా కోలుకొనే అవకాశమున్నది. కాబట్టి కంటిపాప కదలలేదని రోగి మరణించినట్లు నిర్ణయించరాదు. టార్చి చూపిన గుర్తును రోగి చరిత్రతో కలిపి చదువుకోవలెను.

చర్మపు రంగు, రక్తము, గొంతు

రక్తములో ప్రాణవాయువు తగ్గితే పెదవులు, నాలుక, గోళ్లు నీలిరంగుకు తిరుగుతాయి. రక్తము తగ్గితే పాలిపోతాయి. కాలేయ వ్యాధిలో కళ్లు పచ్చబడతాయి. ఇవన్నీ రంగును బట్టి గుర్తించేవి. గొంతులో అడ్డుపడిన వస్తువును చూచుటకు, సూది గుచ్చుటకు రక్తనాళము వెదకుటకు, వాహనములోనే ప్రసవము జరిగినప్పుడు రక్తస్రావమును గమనించుటకు కూడా టార్చి అవసరమే. ఈ పనులకు రెండు చేతులూ కావలెను గనుక తలకు కట్టుకొనే దీపము గాని, చొక్కాకు తగిలించుకొనే వంకర మెడ టార్చి గాని మేలు.

కాంతి కొలతలు

టార్చి పెట్టెలపై కనిపించే కొలతలలో ముఖ్యమైనవి ఇవి.

* ల్యూమెను: దీపము అన్ని దిక్కులకు ఇచ్చే మొత్తము వెలుగు.
* క్యాండెలా: వెలుగు కట్టలో అత్యంత ప్రకాశవంతమైన చోట తీవ్రత. ఒకే ల్యూమెన్లున్న రెండు టార్చిలలో ఒకటి వెలుగును ఒక బిందువుకు చేర్చి దూరము చూపవచ్చు, రెండవది పరచి దగ్గరిది చూపవచ్చు.
* వెలుగు దూరము: వెలుగు 0.25 లక్సుకు, అనగా దాదాపు పున్నమి వెన్నెలంతకు, తగ్గే దూరము. క్యాండెలా సంఖ్య వర్గమూలమును 2తో గుణిస్తే ఇది మీటర్లలో వస్తుంది. ఉదాహరణకు 2,500 క్యాండెలాలకు 100 మీటర్లు.
* వెలిగే కాలము: వెలుగు మొదటి విలువలో పదవ వంతుకు పడిపోయేవరకు పట్టే సమయము.

ఈ కొలతలకు అమెరికాలో 2009లో ఎఫ్ఎల్1 అనే ప్రమాణమును రూపొందించినారు. దీనిని చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరము. వెలుగు దూరము అని వ్రాసిన చోట ఉండేది వెన్నెలంత వెలుగు మాత్రమే, అందులో గాయమును పరీక్షించుట సాధ్యము కాదు. వెలిగే కాలము పది గంటలని వ్రాసినంత మాత్రాన పది గంటలూ ఒకే వెలుగు ఉంటుందని అర్థము కాదు. వెలుగును స్థిరముగా ఉంచే నియంత్రణ వలయము ఉన్న టార్చి వైద్యమునకు మేలు.

స్థూలముగా చెప్పాలంటే కంటిపాప పరీక్షకు 5 నుండి 20 ల్యూమెన్లు, దగ్గర పనికి, నడకకు 50 నుండి 150, రహదారి ప్రక్కన గాయపడినవారిని వెదకుటకు 300 లేదా అంతకు మించి ఉంటే సరిపోతుంది. చీకటికి అలవాటు పడిన కన్ను తిరిగి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుండి 30 నిమిషములు పడుతుంది. అందువలన మీట నొక్కగానే తక్కువ వెలుగుతో మొదలయ్యే టార్చి మంచిది.

కాంతి రంగు

ఒక దీపము వస్తువుల రంగులను ఎంత సహజముగా చూపుతుందో తెలిపే సంఖ్యను వర్ణ ప్రదర్శన సూచిక (సీఆర్ఐ) అంటారు. దీని గరిష్ఠ విలువ 100. చౌక ఎల్ఈడీలలో ఇది 70 ప్రాంతములో ఉంటుంది. వైద్యమునకు 90, అంతకు మించినది మేలు. మామూలు సూచికను ఎనిమిది లేత రంగుల సగటుగా లెక్కిస్తారు. గాఢమైన ఎరుపును చూపే సామర్థ్యమును ఆర్9 అనే వేరే సంఖ్య తెలుపుతుంది. రక్తమును, చర్మమును చూడవలసిన టార్చికి ఆర్9 కూడా ఎక్కువగా ఉండవలెను.

ఎరుపు లోపించిన నీలి తెలుపు వెలుగులో ఆరోగ్యవంతుని పెదవులు కూడా పాలిపోయినట్లు, నీలముగా ఉన్నట్లు తోచవచ్చు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశముల ఆసుపత్రి దీపముల ప్రమాణములో ఇందుకోసమే నీలిమను గుర్తించే సూచిక ఒకటి ఉన్నది. అది 3.3 మించరాదు, దీపపు వర్ణ ఉష్ణోగ్రత 3,300 నుండి 5,300 కెల్విన్ల మధ్య ఉండవలెను. టార్చి కొనేటప్పుడు 4,000 - 5,000 కెల్విన్ల మధ్య ఉన్నదానిని ఎంచుకొనుట సురక్షితము. కొన్ని టార్చిలలో ఉండే ఎరుపు దీపము చీకటిలో చూపును కాపాడుతుంది గాని, దాని వెలుగులో ఎర్రని రక్తము పరిసరములలో కలిసిపోయి సరిగా కనిపించదు.

సెల్లులు

టార్చి ఎంత మంచిదైనా సెల్లు లేకుంటే వ్యర్థము. ప్రధాన రకములు:

* జింకు - కార్బను సెల్లు: పల్లెల అంగళ్లలో సులభముగా దొరుకుతుంది. శక్తి తక్కువ, కారుట ఎక్కువ.
* ఆల్కలైను సెల్లు: 1.5 వోల్టులు. శక్తి ఎక్కువ. వాడకుండా ఉంచితే కారి, క్షారముతో స్ప్రింగులను తినివేస్తుంది.
* నికెల్ మెటల్ హైడ్రైడు సెల్లు: 1.2 వోల్టులు. తిరిగి ఛార్జి చేయవచ్చు. నిలువలో శక్తిని ఎక్కువగా కోల్పోని రకము 2005 నుండి దొరుకుతున్నది.
* లిథియం అయాను సెల్లు: 3.7 వోల్టులు. 18650 అనే పరిమాణము ప్రసిద్ధము. శక్తి చాలా ఎక్కువ. వాహనములోనే యూఎస్‌బీ ద్వారా ఛార్జి చేయవచ్చు. నాసిరకము సెల్లులు, తీగలు కలిసిపోవడము ప్రమాదకరము.

నగరములో పనిచేసేవారికి లిథియం అయాను టార్చి అనుకూలము. కొడవలూరు వంటి చోట తుఫాను వచ్చి రెండు మూడు రోజులు కరెంటు లేకపోతే ఛార్జి చేయుట కష్టము. అప్పుడు గ్రామములోని చిల్లర అంగడిలో దొరికే పెన్ సెల్లుతో పనిచేసే టార్చియే వెలుగుతుంది. కనుక రెండు టార్చిలలో ఒకటైనా పెన్ సెల్లుతో పనిచేసేదై ఉండుట వివేకము. పాత సెల్లును, కొత్త సెల్లును కలిపి వేయరాదు.

నిర్మాణము, మీట, శుభ్రత

చేతికి రబ్బరు తొడుగులుండి, అవి తడిసి ఉన్నప్పుడు కూడా ఒక చేతితో నొక్కగలిగే మీట ఉండవలెను. తళుకుమంటూ కొట్టుకొనే వెలుగు, ప్రమాద సంకేతము వంటి అదనపు వరుసలు ఒక్కొక్క నొక్కుకు మారుతూ ఉంటే రోగి కంటివద్ద అవి అవాంతరము. జేబులో తనంతట తాను వెలగకుండా తాళము వేసే ఏర్పాటు ఉండవలెను. శక్తివంతమైన టార్చి జేబులో వెలిగితే గుడ్డను, చర్మమును కాల్చగలదు.

నీటి రక్షణను ఐపీ అంకెలతో తెలుపుతారు. ఐపీఎక్స్4 అనగా చిందే నీటికి, ఐపీఎక్స్7 అనగా ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషముల మునకకు తట్టుకొంటుంది. వానకు, వరదకు రెండవదే తగినది. సముద్రపు ఉప్పుగాలి సోకే చోట స్ప్రింగులను, మర చుట్లను తరచుగా తుడవవలెను.

ఒక రోగి వద్ద వాడిన టార్చి మరొక రోగి వద్దకు సూక్ష్మజీవులను మోసుకుపోగలదు. గరుకు గాట్లు ఎక్కువగా ఉన్న పట్టులో రక్తము ఇరుక్కొంటుంది. నునుపైన పట్టును ప్రతి రోగి తరువాత 70 శాతము ఆల్కహాలుతో తుడుచుట సులభము. క్లోరిను ద్రావణము అల్యూమినియమును పాడుచేస్తుంది.

సెల్‌ఫోను దీపము

సెల్‌ఫోను దీపము ఎల్లప్పుడూ వెంట ఉండుట దాని గుణము. అయితే దాని వెలుగు కట్టగా కాక విస్తారముగా పరచుకొంటుంది, ఒక చేతిని పూర్తిగా ఆక్రమిస్తుంది, రక్తము అంటితే శుభ్రము చేయుట కష్టము. అన్నిటికంటె ముఖ్యముగా, ఆసుపత్రిని, పైఅధికారిని పిలువవలసిన ఫోనులోని ఛార్జి దీపానికి ఖర్చవుతుంది. ఏమీ లేనప్పుడు మాత్రమే దీనిని వాడవలెను.

పేలుడు వాయువులున్న చోట

రహదారిపై గ్యాసు లేదా పెట్రోలు ట్యాంకరు బోల్తాపడినప్పుడు మామూలు టార్చి మీటలోని చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదము. ఇటువంటి చోటికి అంతర్గత భద్రత గలదిగా ధ్రువీకరణ పొందిన టార్చి మాత్రమే తీసుకుపోవలెను. భారతదేశములో ఈ ధ్రువీకరణను పెట్రోలియం, పేలుడు పదార్థముల భద్రతా సంస్థ (పెసో) ఇస్తుంది. అటువంటి టార్చి లేనప్పుడు అగ్నిమాపక సిబ్బంది వచ్చేవరకు దూరముగా ఉండుట శ్రేయస్కరము.

ఎంపిక సారాంశము

ఒకే టార్చి అన్ని పనులకు సరిపోదు. సాధారణముగా ఈ క్రింది జత సరిపోతుంది.

* మొదటిది: కంటిపాప కొలత ముద్రించిన, మెత్తని వెలుగునిచ్చే పెన్ టార్చి. పెన్ సెల్లుతో పనిచేసేది.
* రెండవది: అరచేతిలో ఇమిడే టార్చి. తక్కువ నుండి ఎక్కువకు మూడు స్థాయిలు, 90కి మించిన సీఆర్ఐ, ఐపీఎక్స్7 రక్షణ, తొడుగులున్న చేతితో నొక్కగల మీట ఉన్నది.
* వీటితో పాటు ఒక జత అదనపు సెల్లులు. ప్రతి విధి ప్రారంభములో టార్చిని వెలిగించి, ఒక తెల్లని కాగితముపై వెలుగును చూసుకొనుట మంచి అలవాటు. మసకబారినదని, రంగు మారినదని అక్కడే తెలిసిపోతుంది.

టార్చి రోగిని గుర్తించుటకే కాక రోగము రాకుండా కూడా తోడ్పడుతుంది. రాత్రివేళ గట్లపై నడిచేటప్పుడు, గడ్డివాముల వద్దకు, ఆరుబయటకు వెళ్లేటప్పుడు పాదముల ముందు టార్చి వెలుగు వేసుకొనుట, కాళ్లకు బూట్లు తొడుగుకొనుట, నేలపై కాక మంచముపై దోమతెర కట్టుకొని నిద్రించుట పాముకాటు నివారణకు వైద్యులు చెప్పే సులభమైన మార్గములు.